ముప్పై ఓటి పలకలు

నొప్పి కంటే ముందు నాకు వెలుతురొస్తుంది.
కుడికంటి అంచున పళ్ళ చక్రమొకటి,
మా షెడ్డులో రాయి కోసేదాని లాంటిదే,
చప్పుడు లేకుండా తిరుగుతుంది.
ఇరవై నిమిషాలు.
ఆ తర్వాత సగం తల నాది కాదు.

దిష్టి అంటుంది అత్త.
సాకు అంటాడు మేస్త్రి.
శొంఠి గంధం పట్టేసి, తువ్వాలు బిగించి
పలకల గుట్ట వెనక చీకట్లో ముడుచుకున్న రోజున
సగం కూలే ఇచ్చాడు.
నొచ్చింది సగం తలే కదా, లెక్క సరిపోయిందని నవ్వాడు.

మార్కాపురం ఆసుపత్రిలో డాక్టరమ్మ
మాత్రలు రాస్తూ పెన్ను ఆపి
"మొన్న ఏం తిన్నావు?" అంది.
మొన్నటి తిండి మొన్ననే అయిపోయింది, యాడ గుర్తుంటది?
"నోట్లోకి పోయిందల్లా రాయి. నెల రోజులు. వేళతో సహా రాయి."
రాయి అంటే నాకు
కోసేదే తెలుసు.

పుస్తకం కొనలేదు.
బీటలు పడి చట్రానికి ఎక్కని పలకలు
షెడ్డు వెనక ఎన్ని లేవు!
రోజుకొకటి కొంగు చాటున తెచ్చుకున్నాను.
ఐదో తరగతి అక్షరాలు. అరిగిన బలపం.
ఎవరి పిల్లలకోసమో పద్దెనిమిదేళ్ళు నునుపు చేసిన చెయ్యి
మొదటిసారి దాని మీద రాసింది:

సోమారం. తెల్లారి టీ. పదకొండుకు చద్దన్నం, గోంగూర.
మద్దేనం ఖాశింబీ డబ్బాలోంచి రెండు ముద్దలు వంకాయ కూర.
రాత్రి సజ్జరొట్టె. తల బాగుంది.

శుక్రారం. ఏమీ పోవడం లేదు నోట్లోకి. తల
అక్కడ బలపం జారిన గీత,
పలక కొసదాకా.

గోడ పొడుగునా ఆనించాను.
వీధిలో అందరికీ ఒక దొంగ దొరికాడు.
అత్త గోంగూరను పట్టుకుంది.
ఖాశింబీ బస్టాండు కాడి నూడిల్స్ బండిని.
మా ఆయన టీ మానెయ్యమన్నాడు, తన గ్లాసు ఊదుకుంటూ.
నేను మాత్రం వెలుగొండ రాయుడికి మొక్కుకున్నాను,
అది ఏదైనా కానీ సామీ,
ఎండుచేప కాకుండా చూడు.

పదిహేడో పలక లేదు.
అత్త తుడిచి పాల లెక్క రాసుకుంది.
ఆ రోజు ఏం తిన్నానో ఇక ఎవరికీ తెలీదు.

నెల నిండాక, ఎనిమిది చదివే నాగసుధ
గోడ ముందు గొంతుక్కూచుంది.
నొప్పి గీతలున్నవి ఏడు. వాటిని వదిలి
వాటి ముందు రోజు పలకల్ని బయటికి లాగింది.
మూడింటి మీద ఎండుచేప.
(మొక్కు పోయింది.)
ఒకటి దేనికీ చిక్కలేదు.
మిగతా మూడింటినీ చాలాసేపు చూసి
"వీటి మీద మద్దేనం ఏదమ్మా?"

ఏముంటది?
ఒకటి శనివారం ఒక్కపొద్దు.
ఒకటి లారీ లోడు రోజు, తల ఎత్తనియ్యలేదు.
ఇంకొకటి, డబ్బా తెరిస్తే అన్నం పాచిపోయింది,
మళ్ళీ కట్టుకుని కూచున్నాను.
తినంది ఎట్లా రాస్తారే?

అది నా వైపు చూడలేదు.
బలపం తీసుకుని ఆ మూడు ఖాళీల్లో
మూడు సున్నాలు చుట్టింది,
పెద్దవి, బళ్ళో తప్పుకు చుట్టినట్టు.

ఇప్పుడు పదకొండుకి చక్రం ఆపుతున్నాను.
మేస్త్రి గడియారం చూస్తాడు, నేను బొరుగులు నములుతాను.
మధ్యాహ్నం ఖాశింబీ, నేను, ఏం జరిగినా సరే, డబ్బాలు తెరుస్తాం.
చక్రం కంట్లో తిరగడం పూర్తిగా పోలేదు.
నెలకు ఏడు కాదు, రెండు.
ఆ దేనికీ చిక్కనిది ఇంకా తిరుగుతూనే ఉంది ఎక్కడో.

గురువారం గురువారం
కొత్తపట్నం ఆమె ఒంగోలు బస్సు దిగి
గంప నెత్తినెట్టుకుని మా వీధినే పోతుంది.
మా గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగి, ఆగనట్టే కదులుతుంది.
నేను తలుపు దగ్గరికొచ్చి
వాసన మాత్రం కడుపునిండా తింటాను.

దాన్ని ఏ పలక మీదా రాయలేదు.