మూడు మూతల నీళ్ళు

మంగళవారం నాలుగున్నరకి
మూడో అంతస్తులో చివరి గది.
ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది గానీ
గాలి మాత్రం మిర్చి యార్డు పంపాల్సిందే.
మార్చి కదా, ముందు అందరం తుమ్ముతాం,
తర్వాత కెమిస్ట్రీ.

నేను వాళ్ళకి లెక్చరర్ని కాను,
ఒక్క ఏడాది పెద్దవాణ్ణి.
ఈ పేపరే నన్ను ఒకసారి వెనక్కి పంపింది
ఇరవై రెండు మార్కులు చేతిలో పెట్టి.
"అందుకే నిన్ను పిలిచాను," అన్నారు మేడం.
షరతు ఒక్కటే:
జవాబు నీ నోట్లోంచి రాకూడదు.

అనడం తేలికే.
తెలిసిన జవాబుని నాలుక కింద పెట్టుకుని
తొమ్మిది మొహాలు చూస్తూ కూర్చోవడమంటే
బాణలిలోంచి తీసిన బజ్జీ
తొందరపడి కొరికినట్టు.
మింగలేం, ఊయలేం.

ఆ వారం పాఠం మోల్.
నాగమల్లేశ్వరి నిర్వచనం అప్పజెప్పింది
కామా కూడా వదలకుండా.
"అంటే ఏంటి?" అన్నాను.
మళ్ళీ అప్పజెప్పింది, ఈసారి కాస్త గట్టిగా.
విక్లిఫ్ ఫోను చూసుకున్నాడు.
నేను చాక్‌పీసుని గోటితో గీరుతూ ఉండిపోయాను.
గోడమీద బల్లి కూడా నా వైపే చూస్తోంది.

అప్పుడు వెనక బెంచీలోంచి మస్తాన్‌వలి,
ఇంటర్ దాకా తెలుగు మీడియం,
హాజరు పలకడానికి తప్ప ఆ గొంతు మేం విన్నది లేదు:
"అన్నా, మా నాయన యార్డులో కాటా దగ్గర ఉంటాడు.
టిక్కీలో ఎన్ని కాయలున్నాయో ఎవరూ లెక్కపెట్టరు.
తూస్తారు.
ఇదీ అంతేనా?"

అవునని అరవాలనిపించింది.
"వాళ్ళనడుగు," అన్నాను
బజ్జీ మింగేసి.

తర్వాతి మంగళవారం
హెప్సిబా ఇంట్లో అడక్కుండా
వంద గ్రాముల తేజ కాయలు తూచి తెచ్చింది.
పాత పేపరు పరిచి, కుప్పలు చేసి లెక్కపెట్టాం.
నూట ముప్పైయేడు.
(ఒకటి బెంచీ కింద దొరికింది.)
నలభై ఐదు కిలోల టిక్కీకి
అరవై ఒక్క వేల ఆరు వందల యాభై.
మరి ఒక మోల్ కాయలో?
సున్నాలు బోర్డు అంచుదాకా పాకాయి.
యార్డు చాలదు, గుంటూరు చాలదు,
భూమంతా పరిచినా కొండలెత్తు లేస్తాయి.
"రేటు పడిపోద్ది," అన్నాడు మస్తాన్‌వలి.

అన్నే అణువుల నీళ్ళు మాత్రం
పద్దెనిమిది గ్రాములు.
విక్లిఫ్ సీసా మూతతో కొలిచి చూపించాడు.
మూడు మూతలు.
కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

నిజం చెప్పాలి.
రెండోసారి నేను పాసయింది ఇది అర్థమయ్యి కాదు.
ఇన్నాళ్ళూ నాలుక కింద దాచుకున్నది
జవాబు కాదు, వట్టి అక్షరాలు.
ఆ మాట ఆ గదిలో అనలేదు.
మెల్లగా నాగమల్లేశ్వరి పక్క బెంచీలోకి జరిగి
నోట్సు రాసుకున్నాను.

ఈలోగా కాటా దగ్గరాయన కొడుకు,
తెలిసి తెలిసీ,
ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నాడు.
గదంతా లేచింది.
హెప్సిబా తొణక్కుండా మూడు మూతలు కొలిచి
అతని దోసిట్లో పోసింది:
"ఇదిగో, ఒక మోల్. కడుక్కో."

చాల్లేదు.
సీసా లాక్కుని
ఇంకో పదిహేను మోళ్ళు గుమ్మరించుకున్నాడు,
ఏడుస్తూ, నవ్వుతూ,
మధ్యలో తుమ్ముతూ.