నడవడానికి బండి

రోజూ నలభై అయిదు నిమిషాలు నడవమన్నాడు డాక్టర్ రథ్,
చీటీలో మాత్రల కింద, మాత్రలాగే రాసి.
ముప్ఫై ఏళ్ళుగా మిషను ముందు కూర్చున్నవాణ్ణి.
నా కాళ్ళు తొక్కిన మైళ్ళకి లెక్క లేదు,
అన్నీ ఉన్నచోటే.

మొన్నటిదాకా పొద్దున్నే ఊరు దాటి పోయేవాణ్ణి.
పర్లాకిమిడిలో బయల్దేరి, సరిహద్దు రాయి దాటి,
అటువైపు టీ తాగి, ఇటువైపు తిరిగొచ్చేవాణ్ణి.
బోర్డుల మీద అక్షరాలు మారేవి.
టీలో అల్లం మారేది కాదు.
ఇప్పుడా రాయి పక్కన
రోడ్డుకడ్డంగా వెదురు బొంగు.

మేడ మీద నడవమంది తవిటమ్మ.
టేపు పెట్టి కొలిచాను, పాడలవాటు.
ఇరవై మూడడుగులు.
నీళ్ళ ట్యాంకు తీసేస్తే పంతొమ్మిది.
పంతొమ్మిది, మలుపు, పంతొమ్మిది, మలుపు.
నాలుగోనాడు కిందింటి పాప పైకి చూసి
"తాతా, మా ఫ్యాను ఊగుతోంది" అంది.
అయిదోనాడు
బాబిన్ మీద దారంలా
నా చుట్టూ నేనే చుట్టుకుంటున్నాననిపించింది.

"మహేంద్రతనయ గట్టు మీద పురుగుండదు.
గాలికి నేనంటించేదేంటి, గాలి నాకంటించేదేంటి?"
"నీలాగే అందరూ ఖాళీ అనుకొని వస్తే
అది ఖాళీగా ఉంటాదేటి?"

జవాబు దొరకలేదు.
బండి తాళం దొరికింది.
సంచిలో పాతిక మాస్కులు వేసుకున్నాను,
ఎవరైనా అడిగితే ఇవ్వడానికి వెళ్తున్నానని చెప్పొచ్చు.
అబద్ధానికి కూడా అంచు కుట్టి పెట్టుకునే మనిషిని.

బొంగు దగ్గర సుకాంత గొమాంగో.
వాడి ఖాకీ నేను కుట్టిందే.
"కువాడే మాస్టరూ?" అన్నాడు, ఆపైన తెలుగులో
"ఎటెల్తున్నారు?"
మాస్కులన్న మాట నోటిదాకా వచ్చి
నా మాస్కులోనే ఇరుక్కుంది.
"నడకకి" అన్నాను.
వాడు బండిని చూశాడు. నన్ను చూశాడు.
"నడవడానికి బండెందుకండీ?"

నవ్వలేదు వాడు. నవ్వి ఉంటే బాగుండేది.
లాఠీతో అటు బడి వైపు చూపించాడు.
కిటికీ ఊచల మీద ఆరేసిన లుంగీలు,
ఓ జత చెప్పులు, పట్టీలకి బదులు గుడ్డపేలికలు.
"నడిచీ నడిచీ వచ్చినోళ్ళని కూకోబెట్టాం.
కూకున్నోళ్ళేమో నడుత్తామంటన్నారు.
మాకేమో నిలబడ్డమే డ్యూటీ."

అప్పుడు చూశాను, దర్జీ చూపు ఎక్కడికి పోతుంది,
వాడి నడుం దగ్గరికే.
ముప్ఫై నాలుగు పెట్టి కుట్టిన ప్యాంటు
బెల్టు కింద కుచ్చిళ్ళు పోతోంది.
బెల్టుకి మేకుతో పొడిచిన కొత్త రంధ్రం.
"ఓసారి పంపు, పట్టేస్తాను" అన్నాను.
"ఎప్పుడిప్పమంటారు?" అన్నాడు.

మాస్కులు వాడి చేతిలో పెట్టాను.
ఇప్పుడవి నిజంగానే ఇవ్వడానికి తెచ్చినవయ్యాయి.

బండి తిప్పాను. స్టార్టు చెయ్యలేదు.
ఎందుకో చెయ్యబుద్ధి కాలేదు.
తోసుకుంటూ వచ్చాను,
షట్టర్లేసిన కొమ్ము బొమ్మల దుకాణాల ముందునుంచి,
కుక్కలు కూడా మొరగని ఎండలోంచి.
నలభై అయిదు నిమిషాలు కాదు, గంటా పది.

గుమ్మంలో తవిటమ్మ నా చొక్కా చెమట చూసి
"పెట్రోలైపోనాదా?" అంది.
అయిపోయిందన్నాను.
సగం ట్యాంకు పైనే ఉంది.

కొలతల పుస్తకం తీశాను.
గొమాంగో పేరు వెతికి
ముప్ఫై నాలుగు కొట్టేసి
ముప్ఫై రెండు వేశాను,
పెన్సిలుతో.