మధ్యలో న

నల్లకుంట కూరగాయల మార్కెట్ పక్కన
జిరాక్స్ షాపు మేడ మీద
పొద్దున ఆరున్నరకి జపనీస్ క్లాసు.
ఫర్హీన్ మేడమ్ బోర్డు మీద షిజుక అని రాసి
నిశ్శబ్దం, అంది.
పదికి మూడు కట్టలు, పదికి మూడు,
అంది కింద కొత్తిమీర బండి మైకు.

ఇది విశేషణం కాదమ్మా
విశేషణంలా బతికే నామవాచకం.
ఊరి పక్కన తనంతట తాను నిలబడలేదు,
మధ్యలో ఒక న కావాలి.
షిజుక న మచి. నిశ్శబ్దమైన ఊరు.

నా నోట్సులో మచికి సున్న పడి
మంచి అయి కూర్చుంది.
మేడమ్ ఎర్ర పెన్నుతో సున్న కొట్టేసి
మంచిని మళ్లీ ఊరు చేసింది.

ఏస్తేరుకి ఈ న ఎక్కడం లేదు.
నైట్ డ్యూటీ దిగి రామంతాపూర్ నుంచి నేరుగా వస్తుంది,
జడలో ఇంకా డెట్టాల్ వాసన.
నాగోయాలో ముసలివాళ్లని చూసుకునే ఉద్యోగం,
డిసెంబర్‌లో పరీక్ష.
"గిదెందుకక్కా నడుమ, ఊకె?"

ఆస్పత్రి రికార్డుల గదిలో
ఇరవై ఏళ్లు ఫైళ్లు కుట్టినదాన్ని,
దారం సంగతి తప్ప నాకేం తెలుసు?
"అందం పిల్ల అంటామా? అందమైన పిల్ల.
మంచి పిల్లకి మాత్రం మధ్యలో ఎవరూ అక్కర్లేదు.
ఆ ఐన ఉంది చూడు, అదే ఇది.
పుట్టినప్పట్నుంచీ కుడుతూనే ఉన్నాం,
కుట్టు కనబడలేదంతే."

కిరేయి చివర ఇ చూసి మోసపోకండి, అంది మేడమ్,
దానికీ న కావాలి.

తర్వాత భూతకాలం.
సముయి, చలి. గడిచిపోతే
తన ఒళ్లు తానే విరుచుకుని సముకత్త అవుతుంది.
గెంకి, హుషారు. అది కదలదు.
హుషారు హుషారులాగే ఉంటుంది,
పక్కన దత్త అనే చిన్న ముక్క చేరి
అయిపోయిందన్న బరువంతా మోస్తుంది.

ఏస్తేరు పెన్ను ఆగింది.
"రాత్రి పదకొండో మంచం తాత పోయిండక్క.
బిడ్డ వచ్చి అడిగింది,
పండుకునే ముందు ఎట్లుండె అని."

మేడమ్ అడక్కుండానే
కిటికీ వైపు తిరిగి
తప్పు లేకుండా అంది:
గెంకి దత్త.

దత్తం అంటే మన దగ్గర ఇచ్చేసినది.
ఆ మాట నాలోనే ఉంచుకున్నాను.

ఎండెక్కింది.
పదికి నాలుగు, పదికి నాలుగు.