కిరాయి బాకీ

సిరొంచ రేవుల నాది నాటుపడవ.
దానిది మొగులు.
ఇద్దరం చేసింది ఒక్క పనే,
ఈ ఒడ్డోళ్లను ఆ ఒడ్డుకు చేర్చుడు.

మొదటిసారి వచ్చిననాడు
గాలిమోటరని పిల్లలు ఉరికిండ్రు.
మా ఇంటిది ఎండబోసిన మిరపకాయలు
లేసి ఊరంతా పడ్డయి.
అందరికీ తుమ్ములే.
దించింది బియ్యం బస్తాలు.

తర్వాత ఒక ఏడు తుపాకులను దించింది.
పొద్దుగూకినంక అడివి దిక్కెల్లి
దుప్పట్లు కప్పినోళ్లను మోసుకపోయింది.
ఆ సప్పుడుకు
పిల్లలు ఉరుకుడు బంజేసిండ్రు.
మేం తలుపులు పెట్టుకున్నం.

ప్రాణహిత, గోదారి ఒక్కటై లేసిన రాత్రి
నా పడవ ఏ చెట్టుకు తట్టుకున్నదో.
బడి కప్పు మీద పదకొండు మందిమి, ఒక మేక.
తెల్లారి పైకెల్లి తాడు దిగింది.
జెండా కట్టె గీరి దాని కడుపుకు సొట్టబడ్డది,
అయినా కదల్లే.
నిండు నెలల జంగుబాయి ముందు, నేను ఆఖరు.
మేకను వద్దన్నరు.
లోపల ఆయిలు వాసన, కడిగినా పోని మరక.
గుంజిన పిలగాణ్ని అడిగిన: కిరాయెంత?
ఆనికి తెలుగు రాదు. నవ్విండు.

ఇప్పుడు వంతెన పడ్డది.
నా పడవ బోర్లబడి కోళ్లగూడైంది.
కంటి ఆపరేషనుకు నాగపూరు పోతే
కూడలిల సిమెంటు దిమ్మె మీద అది,
రెక్కలు గట్టేసి, కొత్త రంగేసి.
బోర్డు మీద ఏండ్లు రాసిండ్రు, గెలుపులు రాసిండ్రు.
జంగుబాయి లేదు. దుప్పట్లోళ్లు లేరు.
ఒక కంటికి పట్టీ,
ఉన్న కంటితోనే ఎతికిన.
కడుపు కింద సొట్ట. అదే.

చక్రం సందుల పదిరూపాల బిళ్ల పెట్టిన.
కావలాయన అరిసిండు.
ఏం జెప్పాలె?
మేక సంగతి కూడ అడుగుదామనుకున్న.