మట్టం

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే చేత్తోనే
ఈ పలకా సానబట్టాను.
ఇరవై ఎం.ఎం. మందం, ఏడడుగుల పొడవు.
టెప్పన్ అంటే ఇనప పలకేనట.
పేరు మారినా బరువు తగ్గలేదు, ఆరుగురం మోశాం.
"మొహం కనబడాలి బాజీ" అన్నాడు చెఫ్ ఎలీషా.
కనబడింది, చెమటతో సహా.

ఇవాళ ఫోను: ఎడమ మూల వేడెక్కట్లేదని.
సంచి పట్టుకుని వెనక గుమ్మంలోంచి వెళ్లాను.
బర్నరు పక్కకి జరిగింది. రెండు బోల్టుల పని.

"కూర్చో, పరీక్ష చెయ్యాలిగా" అని వెన్న వేశాడు.
అది నురగ కట్టి, రంగు తిరిగి,
జీడిపప్పు వేగిన వాసన వచ్చేదాకా
చెయ్యి కదపలేదు. ఆ ఓపిక ఫ్రెంచివాళ్లదట.
ఆపైన సోయా చుక్క, చుయ్‌మని.
అది జపాను.
మధ్యలో బందరు రొయ్య వంకర తిరుగుతూ.
రెండు అట్లకాడలు టకటకలాడుతుంటే
నాకు మా షెడ్డులో డెంటింగు సుత్తులు వినబడ్డాయి.

తిన్నాను.
బాగుందని చెప్పడానికి సరిపడా మాట దొరకలేదు.
అవతలి కొసన ఇద్దరు
ముక్క ముక్కకీ కళ్లు మూస్తున్నారు.
నేను తెరిచే ఉంచాను,
మిగిలిన వెన్న ఎటు జారుతుందోనని.

ఎటూ జారలేదు.