సున్నాగా తీసుకున్నాను

అనంతపురం కమలానగర్ సందులో మా ప్రెస్సు.
కింద జిరాక్సు, మెట్ల మీద బంక వాసన,
పైన నేను, ఒక ఫ్యాను, అక్షరాలు పేర్చే భాష.
దాంట్లో పేజీని గీయరు, చెప్తారు,
ఇంత అంచు, ఇంత ఎడం, అంకెలు కుడికి ఆనాలి అని.
చెప్పింది చెప్పినట్టు వింటుంది.
చెప్పనిది ఊహించుకుంటుంది. అక్కడే తంటా.

కళ్యాణదుర్గం దిక్కు నుంచి వన్నూరప్ప వచ్చినాడు,
చంకలో ముప్పై ఒక్క ఏళ్ల వాన.
పాల లెక్కల నోటుబుక్కుల్లో కార్తెకొక గీత.
రోహిణి: కంబడి తడిసింది.
మృగశిర: బెత్తెడు పదును.
ఆరుద్ర: జానెడు. శెనక్కాయ ఇత్తినాము.
మఖ: దూడ ఈపు మాత్రం.
పుస్తకం వెయ్యాలంట, నూరు ప్రతులు.
సంఘమోళ్లు దుడ్లిస్తారంట,
కాకపోతే అన్నీ మిల్లీమీటర్లలో ఉండాలంట.

కొలతలు మార్చడం నాకు కొత్తేం కాదు.
అంగుళానికి డెబ్బై రెండుంబావు పాయింట్లు, పైన వెంట్రుకవాసి.
సీసపు అక్షరాల కాలంలో ఖలందర్ సారు
ఆ వెంట్రుకవాసిని గోటితో పట్టేవాడు.
మార్కెట్ యార్డు నివేదికలో
1,234,567 అని మూడేసి అంకెలకు విరిచింది యంత్రం.
చదవబోయిన ఛైర్మను మైకు ముందర నీళ్లు నమిలినాడు.
12,34,567 అని నేర్పినాను దానికి,
మన నోరు ఆగే చోటే కామా ఆగాలని.

ఇప్పుడు బెత్తెడు అని కొడితే
తెర మీద ఎర్రగా,
ఈ కొలత నాకు తెలియదు, పాయింటు చేర్చుకున్నాను.
మృగశిర మొత్తం ఒక చుక్కయి కూచుంది.

"చెయ్యి పెట్టు పెద్దాయనా."
ఉక్కు స్కేలు మీద నాలుగు వేళ్లు ఆనించినాడు,
చిటికెన వేలికి కొడవలి గాటు.
డెబ్బై ఎనిమిది మిల్లీమీటర్లు.
బెత్తె అని కొత్త కొలత పుట్టించి మళ్లీ నడిపితే
221.93 పాయింట్లని ఒప్పుకుంది, కిక్కురుమనకుండా.
"అది మోడం పోసింది కాదమ్మా,
నేల తాగింది" అన్నాడు.
వర్షపాతం అన్న మాట కొట్టేసి
పట్టిక నెత్తిన పదును అని పెట్టినా.

ఒక యేటి దగ్గర మళ్లీ ఎరుపు.
సంఖ్య లేదు, సున్నాగా తీసుకున్నాను.
0.00, 0.00, 0.00
దశాంశ బిందువులు ఒకదాని కింద ఒకటి
ఎంత బాగా కుదిరినాయో.

"ఆ యేడు వాన రాలేదా?"
"వచ్చిందో ల్యాదో. నేను ఊర్లో ల్యా.
బెంగుళూర్లో సిమెంటు మోస్తాంటి."
ఇంకో పుస్తకం తిప్పి వేలు పెట్టినాడు.
హస్త: సున్న.
"ఇది సున్న. మన్ను తవ్వి, చెయ్యి పెట్టి చూసి రాసింది.
అదీ ఇదీ ఒగటే ఎట్లయితాదమ్మా?"

యంత్రానికి ఇంకో మాట చెప్పాల్సొచ్చింది,
లేనిది లేనట్టే ఉండనీ, నువ్వు నింపొద్దు అని.
ఆ యేటి పేరు కింద
ఒక బెత్తె తెల్లకాగితం వదిలినా.
పేజీలు పెరిగితే రేటు పెరుగుతుందని
ఆయనకి చెప్పలేదు.