జమ రసీదు

సద్ది టిఫిన్, మంచినీళ్ల సీసా,
కొమ్మలు కొట్టే కత్తెర,
దాని కింద పాత తువ్వాలల చుట్టి
ఆయన రివాల్వర్.
పదకొండేండ్లు ఇట్లనే మోసిన.
ఎడమ భుజం కొద్దిగ కిందికి జారింది.
మిషిని కుట్టే ఇద్దమ్మ జాకెట్ కొలత తీస్కుంట
"ఒక దిక్కు పొడుగు పెట్టాల్నాక్కా" అన్నది.

బత్తాయి తోట తొమ్మిదెకరాలు.
గట్టుకు అవతల మల్సూరు చెల్క.
గట్టు జానెడు ఇటు జరిగిందనో అటు జరిగిందనో
ఒక రాత్రి ఆయన కాలు ఇరగ్గొట్టిన్రు,
ఎవరన్నది చీకట్ల కానరాలే.
కాలు అతికింది. మనిషి అతకలే.
నల్లగొండ ఆఫీసుల చుట్టు తిరిగి తిరిగి
లైసెన్సు తెచ్చుకున్నడు,
తెచ్చుకున్న రెండేండ్లకు షుగరు తీస్కపోయింది.
భూమి నా పేరు మీదికెక్కింది,
దాని ఎనకనే ఇనుము గూడ.

మందు కొట్టినా, కాయ కోసినా
కొమ్మకు తగిలించిన సంచి
నా కండ్ల ముందలనే ఉండాలె.
వానొస్తె ముందు దాన్ని కప్పిన,
తర్వాత నన్ను.
పేల్చింది ఒక్కటే సారి, ఎండిన బాయిలకు.
పావురాలు లేచిపోయి మళ్ల ఆ బాయికి రాలే.
నా చెవులల్ల మూడు రోజులు
ఇలకోడి కూసింది.

కూలోళ్లు సంచి దిక్కు సూడరు.
సూడకుంటనే దూరం జరిగి కూసుంటరు.
బువ్వ కాడ అందరు కూరలు మార్చుకుంటరు,
నా గిన్నె నా కాడనే ఉంటది.
అడవి పందులే నయం,
వాటికి లైసెన్సు సంగతి తెల్వదు.

ఎలక్షన్లొచ్చినయి. జమ చెయ్యాలన్నరు.
గుర్రంపోడు ఠాణాల కానిస్టేబుల్
ఆరు తూటాలు చింతగింజల తీరు లెక్కవెట్టి
కాయితం మీద ముద్ర గుద్దిండు.
మడిచి సంచిల పెట్టిన.
ఇంటికొచ్చేదాంక సంచి గాలికి కొట్టుకున్నది.
పైట జారినట్టు
నడిబజార్ల సిగ్గయింది నాకు.

ఆ నెల రాత్రి కరెంటు.
రెండు గొట్టంగ మోటరు పెట్టవోయిన.
గట్టు మీంచి ఒక బ్యాటరీ లైటు
ఊగుకుంట నా దిక్కే.
చెయ్యి సంచిలకు పోయింది.
రసీదు తగిలింది,
తొక్కు నూనె మరకతోని మెత్తగ.

"ఎవర్రా" అన్న.
గొంతు నాది కాదు.

"నేనే వదినా, మల్సూరును.
స్టార్టర్ల ఫ్యూజు కొట్టేసింది.
తీగ ముక్క ఉన్నదా?"

కాలు ఇరిగిన నాటి సంది
ఇదే మొదటి మాట.
ఎండు కట్టె మీద నిలబడి వాడు తీగ చుట్టిండు,
నేను లైటు పట్టిన.
వాని ఏళ్లు వణుకుతున్నయి.
ముసలోడయిండు, ఎప్పుడయిండో.
పైపుల నీళ్లు రెండు సార్లు దగ్గి
అప్పుడు పారినయి.
పోవుకుంట పోవుకుంట అన్నడు:
"అది ఠాణాల పెట్టినవని తెల్సే వచ్చిన."

తెల్లారేదాంక పాదులల్ల నీళ్లు మలుపుకుంట
ఆ మాటను ఇటు తిప్పిన, అటు తిప్పిన.
బెదిరించిండా, బతిమాలిండా?
ఆ రాత్రి కొట్టింది నువ్వేనా అని
అడగాల్సింది.
తీగ ముక్కకు వచ్చినోన్ని
ఎట్లడుగుత?

ఎవరో గెలిచిన్రు. పటాకులు కాల్చిన్రు.
నేను ఠాణాకు పోయిన.
కానిస్టేబుల్ మళ్ల చింతగింజలు లెక్కవెట్టి
"నూనె పెట్టమ్మా, తుప్పు మొదలైంది" అన్నడు.
సంచి భుజానికెక్కంగనే
జాకెట్ కుట్టు
దాని తావుకు అది వచ్చింది.

తెల్లారి తోటకు పోతుంటె
గట్టు మీద మల్సూరు, యాపపుల్ల నములుకుంట.
నన్ను చూసి నవ్విండు,
చెయ్యి లేపిండు.
తర్వాత సంచిని చూసిండు.

లేపిన చెయ్యి సగంలనే ఆగి
నెత్తి గోక్కున్నది.